చాట మధ్యకు చేరిన తంబాకు

పెళ్లయ్యాక మా ఆయన నాకు కొనిచ్చిన మొదటి కానుక దూది. మందుల షాపులో నీలం కాగితంలో చుట్టి అమ్మే దూది. రెండు ఉండలు తనే చేసి నా అరచేతిలో పెట్టి, "చెవుల పెట్టుకో, నిద్ర పడతది" అన్నాడు. పట్టుచీర ఇచ్చినా అంత మురిసిపోయేదాన్ని కాదేమో. చిక్కంతా ఒకటే. అవి పెట్టుకుంటే ఆయన మాటలు కూడా వినపడవు. అందుకని ఒక చెవిలోనే పెట్టుకునేదాన్ని. నిద్ర కూడా సగమే పట్టేది.

సోలాపూర్ భవాని పేట్‌లో మా ఇంటి వెనక గోడకు అవతల మరమగ్గాల కార్ఖానా. మరమగ్గాలను ఇక్కడ సాంచాలంటారు. వారానికొక సెలవు రోజు తప్ప అవి పగలూ రాత్రీ కొడుతూనే ఉంటాయి. సిద్దిపేటలో మా నాన్న చేతిమగ్గం చప్పుడు వింటూ పడుకుంటే జోకొట్టినట్టు ఉండేది. ఇది భుజం పట్టి లేపి కూర్చోబెట్టినట్టు ఉంటుంది. పొద్దున లేచేసరికి ఒళ్లంతా నేసి పడేసినట్టయ్యేది.

అయినా నేను సంతోషంగానే ఉన్నాను. పెళ్లినాడు పళ్లెంలో బియ్యం పరిచి ఉంగరంతో పేరు రాసి, ఉమగా వచ్చిన నన్ను వైశాలిని చేశారు. ఇక్కడి ఆనవాయితీ అది. ఎవరైనా "వైశాలీ" అని పిలిస్తే, ఆ పిల్ల ఎవరా అని నేను కూడా వెనక్కి తిరిగి చూసేదాన్ని. మా ఆయన వాసుదేవ్ చాదర్లకు డిజైన్లు గీసి, ఆ ప్రకారం మగ్గానికి తగిలించే అట్టలకు రంధ్రాలు గుద్దే పని చేస్తాడు. సాయంత్రం ఆయన చొక్కా జేబులోంచి గుండ్రటి అట్టముక్కలు రాలుతాయి. వాటిని ఏరి డబ్బాలో దాచుకోవడం నాకొక సరదా.

కిల్లారి భూకంపం వచ్చిన మరుసటి ఏడాది ఇది. నేను వరంగల్‌లో బి.ఎస్సీ. మైక్రోబయాలజీ చదివాను. ఆ చదువు చూసి కుంఠా నాకాలో డాక్టర్ అంబాదాస్ గారు నన్ను తన ల్యాబులో చేర్చుకున్నారు. ఆయన మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మా పద్మశాలీలే. తమ్ముడి సాంచాల కార్ఖానా పైన రెండు గదులు తీసుకుని, బ్యాక్టీరియా విషంతో క్యాన్సర్ కణాలు చస్తాయా అని చూస్తున్నారు.

ఆ కణాలు ఎప్పుడో చనిపోయిన ఒకామె ఒంట్లోంచి తీసినవి. ఆమె పోయినా అవి పోలేదు. దేశదేశాల ల్యాబుల్లో ఇంకా పెరుగుతూనే ఉన్నాయి. మాకు పుణె నుంచి చిన్న సీసాలో వచ్చాయి. గులాబీ రంగు పోషక ద్రవంలో, గాజు పళ్లెం అడుగును పట్టుకుని పెరుగుతాయి. ఆ రంగు నాకెంత నచ్చిందంటే, అలాంటివే గాజులు వెతికి కొనుక్కున్నాను. బతికున్న కణం గాజును గట్టిగా పట్టుకుని ఉంటుంది. చచ్చేది పట్టు వదిలి తేలుతుంది. నీలం రంగు చుక్క వేస్తే చచ్చింది ఆ రంగును తాగుతుంది, బతికింది తాగదు. చూడవలసింది ఇంతే. చేయవలసింది మాత్రం కొండంత.

విషాన్నిచ్చే బ్యాక్టీరియా, కాలిన గాయాల చీములోంచి తీసింది. సీసాలో పచ్చగా పెరిగి ద్రాక్షపళ్ల వాసన వేస్తుంది. మూత తీసినప్పుడల్లా, చీములో పుట్టినదానికి ఈ వాసనేమిటని నవ్వొచ్చేది. దాన్ని వడగట్టి, బ్యాక్టీరియాను పారబోసి, విషమున్న నీటిని మాత్రం కణాల మీద వేయాలి. గాజు సామానంతా కడిగి, ప్రెషర్ కుక్కర్లో ఉడికించి ఆరబెట్టాలి. కరెంటు పోతే ఇంక్యుబేటర్ చల్లబడకుండా తలుపుకు గోనెసంచి కప్పాలి. పండగైనా, జ్వరమొచ్చినా కణాలకు మేత వేయాల్సిందే. పాడి గేదె ఉన్న ఇల్లే నయం, దానికి మేత వేయడానికి పక్కింటివాళ్లనైనా బతిమాలుకోవచ్చు. ఇక్కడ నేను తప్ప ఇంకెవరూ లేరు. సాయంత్రం మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగేదాన్ని.

ఇంట్లో మా అత్తమ్మ చంద్రభాగ బీడీలు చుడుతుంది. ఆకు కత్తిరించడం, తంబాకు, అంటే పొగాకు, వేయడం, చుట్టి దారం కట్టడం, ఏదీ చూసి చేయదు. మాట్లాడుతూనే చేస్తుంది. పొద్దునా సాయంత్రం పళ్లకు మిశ్రి రుద్దుకుంటుంది. మిశ్రి అంటే పొయ్యి మీద నల్లగా మాడ్చి నూరిన తంబాకు పొడి. నేను కాపురానికి వచ్చేసరికే ఆమె ఎడమ చెంప లోపల పుండు ఉంది. పల్లీల చట్నీ తింటే కళ్లల్లో నీళ్లు తిరిగేవి. కొన్నాళ్లకు రొట్టెను పాలలో నానబెట్టి కుడివైపే నమలడం మొదలుపెట్టింది. పెద్దాసుపత్రిలో చిన్న ముక్క తీసి చూశారు. క్యాన్సరే. పుండు ఇంకా చిన్నదే కాబట్టి బార్షీలోని క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లి కోయించుకుంటే బతుకుతుందనీ, ఆలస్యం చేస్తే దవడకూ మెడకూ పాకుతుందనీ చెప్పారు. అక్కడ ఆపరేషన్‌కు రోజు కూడా ఖాయమైంది.

సరిగ్గా ఆ వారంలోనే ల్యాబులో డాక్టర్ గారు నన్ను మైక్రోస్కోప్ దగ్గరికి పిలిచారు.

"వైశాలీ, ఇటు రా బిడ్డా. జర సూడు."

విషం వేసిన పళ్లెంలో అడుగు ఖాళీ. కణాలన్నీ పట్టు వదిలి, మధ్యన కుప్పగా తేలుతున్నాయి. సగానికి పైగా నీలం తాగాయి. విషం వేయని పళ్లేల్లో మాత్రం ఒత్తుగా, చక్కగా ఉన్నాయి. మళ్లీ చేశాం. మళ్లీ అదే. మరో వారం చేసినా అదే. ఆయన ఎప్పుడూ నవ్వని మనిషి, కిందికి వెళ్లి పాలకోవా పేడాలు కొనుక్కొచ్చారు. పుణెలో డాక్టర్ల సభలో చెప్తానన్నారు. నేను రెండు పేడాలు కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చాను. మా ఆయన ఎందుకని అడిగాడు. చెప్పాను. ఆయన పేడా నోట్లో పెట్టుకుని గల్లీలోకి పరుగెత్తాడు.

"మా వైశాలి క్యాన్సర్‌ను సంపే మందు తయారు చేస్తున్నది!"

తెల్లారేసరికి నల్లా దగ్గర బిందెల వరుస ఆగిపోయి నన్నే చూసింది. పక్కింటి సుందరాబాయి బిందె చంకలో పెట్టుకుని నా ముందుకొచ్చింది.

"ఏం మందమ్మా అది?"

"మందు కాదు సుందరక్కా, బ్యాక్టీరియా విషం. పళ్లెంలో చూస్తున్నాం, అంతే."

"విషమా? బరోబర్. మా మంచం పట్టెల నల్లులున్నయ్. జరంత సీసల పోసియ్యరాదూ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అత్తమ్మ మాత్రం నవ్వలేదు. ఇంట్లోకి వచ్చి చాట ఒళ్లో పెట్టుకుని కొడుకుతో తాపీగా చెప్పింది.

"వాసూ, బార్షీకి నేను వస్తలేను."

"ఏందమ్మా? రోజు ఖాయమైంది గద?"

"కశాలా, ఎందుకు? ఇంట్ల కోడలు మందు చేస్తుంటే ఊరుగాని ఊరు పోయి దవడ కోయించుకోవాల్నా? మొఖం పోయినంక బతికి ఎవలకు సూపెట్టాలె?"

"అది మందు కాదు అత్తమ్మా" అన్నాను. "అయినా ఎన్నేళ్లు పడుతుందో."

"నేను ఆగుత తీ. పుండు నాది, తొందర నీకెందుకు?"

బార్షీ రోజు వచ్చింది, పోయింది. ఆమె ఆ రోజంతా బీడీలు చుడుతూనే కూర్చుంది. పాలలో నానిన రొట్టె కూడా సగం వదిలేసింది. నన్ను చూసినప్పుడల్లా నమ్మకంగా తల ఊపేది. ఆ తల ఊపడం చూస్తే నాకు అన్నం దిగేది కాదు. రోజూ పొద్దున అద్దం పట్టుకుని, "సూడు, పెరిగిందా?" అని నోరు తెరిచేది. పెరిగిందని చెప్పేదాన్ని. "నీ మందు లౌకర్ కావాలె మరి" అనేది. లౌకర్ అంటే ఇక్కడ త్వరగా అని.

మా ఇంట్లో, మా గల్లీలో, బీడీలు చుట్టే ప్రతి ఇంట్లో ఒక పద్ధతి ఉంది. తంబాకు ఘాటు అన్నానికీ నీళ్లకూ తగలకూడదు. అందుకని తంబాకు చాట ఎప్పుడూ వెనక గోడ దగ్గర ఉంటుంది. నీళ్ల బిందె, పిండి డబ్బా, పొయ్యి వాకిలి వైపు ఉంటాయి. చిన్నపిల్ల కూడా మరిచిపోయి చాటను ఇటు తేదు.

ఒక సాయంత్రం ల్యాబు నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో కూలబడ్డాను. అత్తమ్మ చాటలో తంబాకు పలుచగా పరిచి, గోడ దగ్గర నేల మీద పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. నాకు లేచే ఓపిక లేదు. కళ్లు ఎటు పడితే అటే ఉండిపోయాయి. అవి చాట మీద పడ్డాయి.

తంబాకు కదులుతోంది.

గాలి లేదు. అవతల సాంచాలు కొడుతున్నాయి. ఒక్కో దెబ్బకు షాబాద్ బండ వణుకుతోంది, బండతో చాట వణుకుతోంది, చాటలో తంబాకు అంచులు వదిలి నెమ్మదిగా మధ్యకు జరుగుతోంది. కాసేపటికి చుట్టూ ఖాళీ, మధ్యన చిన్న కుప్ప. వాకిలి వైపు బిందెలో నీళ్లు చూశాను. కదలకుండా అద్దంలా ఉన్నాయి.

ఆ కుప్ప నాకు తెలుసు. రోజూ మైక్రోస్కోప్‌లో చూస్తున్న కుప్పే.

మా ల్యాబులో రెండు ఇంక్యుబేటర్లు ఉన్నాయి. మంచిది కిటికీ పక్కన, రాతి బల్ల మీద. అందులో విషం తగలని పళ్లేలన్నీ పెడతాం. పాతది వెనక గదిలో, గోడకు ఆనుకుని నేల మీద. విషం వేసిన పళ్లేలు అందులోనే పెట్టాలని డాక్టర్ గారి నియమం. ఆ గోడ కిందే సాంచాల వరుస. విషం వేసినవాటికి వణుకు కూడా దొరుకుతోంది. వేయనివాటికి రెండూ లేవు. మరి కణాల పట్టు వదిలించింది విషమా, సాంచాలా?

వారపు సెలవు నాడు ఇంట్లో చాట ముందు కూర్చుని చూశాను. తంబాకు పరిచింది పరిచినట్టే ఉంది. అంత నిశ్శబ్దం పెళ్లయ్యాక నాకు చాలా ఇష్టమైన సంగతి. ఆ రోజు దాన్ని అనుభవించలేకపోయాను.

మా ఆయనకు కుంఠా నాకా చాయ్ బండి దగ్గర చెప్పాను. ఆయన సాసరులో పోసిన చాయ్ నాకిచ్చి, కప్పులో మిగిలింది తను తాగుతున్నాడు. అలా పంచుకోవడం నాకు ఎప్పుడూ పండగే. ఆ రోజు చాయ్ చల్లారిపోయింది.

"అయితే మందు లేనట్టేనా?" అన్నాడు.

"ఉన్నట్టు మనకు తెలియదు. పరీక్షే తప్పు."

"అమ్మకు చెప్పకు. ఆ ఆశ మీదనే లేస్తున్నది, తిరుగుతున్నది."

"ఆ ఆశ మీదే బార్షీ మానేసింది కదా."

ఆయన జేబులో చెయ్యి పెట్టి అట్టముక్కలు గలగలలాడించాడు. తోచనప్పుడు అదే పని.

"గల్లీ అంత చెప్పుకుంట తిరిగింది నేనే" అన్నాడు చివరికి. "ఇగ నువ్వు పోయి సార్‌కు చెప్పు. అమ్మ ముందట నేను ఉంట."

డాక్టర్ గారు మరుసటి రోజు పుణె సభకు కావలసిన బొమ్మలు సర్దుకుంటున్నారు. చాట సంగతి చెప్పాను. విషం వేయని పళ్లేలను కూడా ఒకసారి పాత ఇంక్యుబేటర్లో పెట్టి చూద్దామన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచారు. కింద సాంచాలు కొడుతున్నాయి. ఆయన అరచెయ్యి గోడకు ఆనించి ఉంచారు, పిల్లవాడి జ్వరం చూస్తున్నట్టు.

"మా అమ్మ గూడ తంబాకు చాట వెనక గోడకే పెట్టేది" అన్నారు. "విషం పెట్టె ఈడ ఎందుకు పెట్టిన అని నన్ను నేను ఎన్నడు అడుగలే. చెయ్యే పెట్టింది. ఎంత చదివినా ఈ చెయ్యి మా ఇంటిదే."

కోప్పడతారనుకున్నాను. ఆయన లేచి తెల్లకోటు తొడుక్కున్నారు.

"పెట్టు, సూద్దాం."

విషం చుక్క కూడా పడని పళ్లేలను ఆ గోడ దగ్గర పెట్టాం. మరుసటి రోజుకు కణాలు అంచులు వదిలి మధ్యన కుప్పపడ్డాయి. నీలం కూడా తాగాయి. ఆ తర్వాత డాక్టర్ గారే ఇంకో పని చెప్పారు. మా ఆయన కార్ఖానా నుంచి నేతలో చిన్న లోపాలున్న మందపాటి చాదర్లు తెచ్చాడు. మడతలు పెట్టి పాత ఇంక్యుబేటర్ కిందా, దానికీ గోడకూ నడుమా దూర్చాం. వణుకు ఆగిపోయింది. ఎర్రటి నెమళ్ల చాదర్ మీద ఆ పాత ఇనుప పెట్టె కూర్చుని ఉంటే పెళ్లికొడుకులా అనిపించి నాకు నవ్వొచ్చింది. డాక్టర్ గారు కూడా మూతి బిగించి నవ్వాపుకున్నారు. ఆ రోజుల్లో నాకు దొరికిన సంతోషం అదొక్కటే.

ఇప్పుడు విషం వేసినవీ, వేయనివీ పక్కపక్కనే పెట్టాం. రెండూ ఒకేలా పెరిగాయి. మా విషం వాటికి నీళ్లతో సమానం. మోతాదు బాగా పెంచి చూశాం. అప్పుడు క్యాన్సర్ కణాలు చచ్చాయి. వాటి పక్కనే పరీక్షకు పెట్టిన, కోడిగుడ్డులోని పిండం నుంచి తీసిన మంచి కణాలు కూడా చచ్చాయి.

"సంపుడు పెద్ద పని కాదు వైశాలీ" అన్నారు డాక్టర్ గారు. "మసిలే నీళ్లు పోసినా సస్తయ్. పక్కదాన్ని ఇడిసిపెట్టి దీన్ని పట్టుకునుడే పని. అది మనకింక రాలే. పుణెకు పోతలేను. మళ్ల మొదటికెళ్లి సురూ చేద్దాం."

ఆయన బొమ్మలను అటక మీద పెట్టారు. నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. ఇన్ని నెలల కడుగుళ్లు, వడగట్టుళ్లు, ఉడికించుళ్లు ఒక్కసారిగా భుజాల మీద దిగినట్టయింది. కానీ నా ఆలోచన పళ్లేల మీద లేదు. అద్దం పట్టుకుని నోరు తెరిచే మనిషి మీద ఉంది.

ఆ సాయంత్రం మా ఆయనా నేనూ ఆమె ముందు కూర్చున్నాం. "మందు కాలేదు అత్తమ్మా" అన్నాను. ఆమె బీడీ చుట్టడం ఆపలేదు.

"అయితది. తొందరేమున్నది?"

"పుండుకు తొందర ఉన్నదమ్మా" అన్నాడు మా ఆయన.

"నీకేం ఎరుక? అట్టలకు బొక్కలు కొట్టుకునేటోనివి."

ఇక మాటలతో కాదనిపించింది. "మీరే వచ్చి చూడండి" అన్నాను. ఆమె నా ముఖం చూసింది. నేనేదో దాస్తున్నానని ఆమెకు అనుమానమనుకుంటాను. మర్నాడు పొద్దున, ఉతికిన చీర కట్టుకుని బయల్దేరింది.

ల్యాబు మెట్లెక్కడానికి మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంది. గుమ్మంలో చెప్పులు విప్పి, డాక్టర్ గారికి దండం పెట్టింది.

"రా వదినా, కూసో. మీ కోడలు లేకుంటే నేను పుణెల అందరి ముందు తప్పు చెప్పి వచ్చేటోణ్ణి."

విషం వేసిన పళ్లెం మైక్రోస్కోప్ కింద పెట్టి, ఆమె తలను నా చేతుల్తో సరిచేశాను. మొదట ఏమీ కనబడలేదంది. తర్వాత బిగుసుకుపోయింది.

"గివేనా?"

"ఇవే. క్యాన్సర్ కణాలు."

"నా నోట్ల గూడ గిట్లనే ఉన్నయా?"

"ఇలాంటివే."

"విషం పోసిన్రా?"

"పోశాం అత్తమ్మా. పోసి రెండు రోజులు దాటింది."

ఆమె కన్ను తీయలేదు. కింద సాంచాల చప్పుడు గదంతా నిండి ఉంది. గాజును పట్టుకుని, ఒకదాన్నొకటి ఒరుసుకుని, విషంలోనే దర్జాగా పెరుగుతున్న వాటిని ఎంతసేపు చూసిందో.

"మస్తుగున్నయ్ గద ఇవి" అంది. "నాకన్న మంచిగున్నయ్."

ఆమె తలెత్తి డాక్టర్ గారి వైపు తిరిగింది.

"మరి పేడాలు ఎందుకు పంచిన్రు?"

"అప్పుడు సచ్చినయ్ అనుకున్న వదినా. సాంచాలు ఊపితే ఊడినయ్. విషంతోటి కాదు."

"ఇంత సదివిన్రు, కింద సాంచాలు ఆడుతున్న సంగతి తెల్వకపాయెనా?"

"పుట్టినకాడికెళ్లి ఇంటున్న. ఇనుడు ఎప్పుడో మరిచిన."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే చెంప నొప్పి పుట్టి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్లల్లో నీళ్లు నిండాయి. నొప్పికో, మరిదేనికో.

మెట్లు దిగి నాకా దాకా నడిచింది. ఎండ మండిపోతోంది. చెరుకు రసం బండికి కట్టిన గజ్జెలు మోగుతున్నాయి. అక్కడ ఆగి, "తాగుదామా?" అంది. ఇద్దరం బల్ల మీద కూర్చున్నాం. ఆమె గ్లాసును కుడి పెదవికి ఆనించి కొంచెం కొంచెంగా తాగింది. చల్లగా దిగుతుంటే కళ్లు మూసుకుంది. ఆమెతో కలిసి అలా బజార్లో కూర్చుని తాగడం అదే మొదటిసారి.

"వైశాలీ."

"ఆ అత్తమ్మా."

"దవడ మొత్తం కోస్తరా?"

"అప్పుడు వెళ్లి ఉంటే చెంప లోపలి ముక్కే అన్నారు. ఇప్పుడు పెరిగింది. ఎంత తీస్తారో వాళ్లే చూసి చెప్పాలి. నేను అబద్ధం చెప్పను."

"చెప్పకు" అంది. "మొఖం వంకర పోతే వాసుగాని పిల్లలు జడుసుకుంటరు."

"ఏ పిల్లలు?" అన్నాను తెల్లబోయి.

"అయితరు గద. నీ పళ్లేలల్ల కాదు, ఇంట్లనే" అని, ఖాళీ గ్లాసు నా చేతికిచ్చి లేచింది. నాకు చెవుల దాకా వేడెక్కింది. "బార్షీ బస్సు పొద్దుగాల ఎన్నింటికి ఉన్నదో వాసును అడుగు."

బార్షీలో మళ్లీ కొత్త రోజు ఇచ్చారు. బయల్దేరేముందు ఆమె చాటను సుందరాబాయి ఇంట్లో పెట్టి వచ్చింది. మిశ్రి డబ్బా నా ముందు పెట్టి, "పారెయ్యి. నా ముందట వద్దు, నేను పోయినంక" అంది. సుందరాబాయి గుమ్మంలో నిలబడి కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "నల్లుల మందు రాకపాయె, నువ్వన్న తిరిగి రావే సంద్రక్కా" అంది.

బార్షీ ఆసుపత్రిలో ఆడవాళ్ల వార్డులో కిటికీ పక్కన మంచం దొరికింది. డాక్టరు నోరంతా వేలితో తడిమి చూసి, దవడ ఎముకకు ఇంకా పాకలేదనీ, చెంప లోపలిదే కానీ ఇదివరకు అనుకున్నదానికంటే పెద్ద ముక్క తీయాలనీ, నోరు కొంచెం బిగుసుకుంటుందనీ చెప్పాడు. మరుసటి రోజు పొద్దున ఆపరేషన్. మా ఆయన కాగితాల మీద సంతకాలు చేసి, మందులు తేవడానికి బజారుకు వెళ్లాడు. మధ్యాహ్నపు ఎండ కిటికీ చువ్వల నీడను ఆమె కాళ్ల మీద పరిచింది. ఇంటి నుంచి తెచ్చిన నెమళ్ల చాదర్ కప్పాను. ల్యాబులో పెట్టె కింద పరిచిన చాదర్లలో అదొకటి. ఉతికి తెచ్చాను.

నేను మంచం పట్టె మీద తల ఆనించాను. ఎన్ని నెలల నిద్రో రెప్పల మీద వాలుతోంది. ఎక్కడా చప్పుడు లేదు. దూది అక్కర్లేని ఊరు. నాకది స్వర్గంలా ఉంది.

"వైశాలీ, నిద్ర పోయినవా?"

"లేదత్తమ్మా."

"నాకు పడతలేదు."

"భయమవుతోందా?"

"భయం ఉంటది తీ. అది కాదు. ఈడ సప్పుడే లేదు. నేను సాంచాల సప్పుడు లేకుంట ఎన్నడు పండలే. శవం కాడ కూసున్నట్టున్నది."

నేను తల ఎత్తకుండానే చెయ్యి చాచి, ఇనుప మంచం పట్టె మీద గాజులతో కొట్టాను. టక్, టక్, టక్. గులాబీ రంగు గాజులు. ఎదుటి మంచం మీది ఆమె తలతిప్పి చూసింది.

"అట్ల కాదు" అంది అత్తమ్మ కళ్లు మూసుకునే. "మన గోడ అవుతలిది జర లౌకర్ కొడతది. మూడు దెబ్బలకు ఒకసారి తడబడతది."

అలాగే కొట్టాను. మూడు దెబ్బలకు ఒకసారి తడబడ్డాను.

"బరోబర్" అంది.

కాసేపటికి నిద్రపట్టి ఆమె ఊపిరి బరువెక్కింది. చెయ్యి నొప్పి పుట్టింది, రెప్పలు వాలిపోతున్నాయి. ఆపితే లేస్తుందేమోనని, మా ఆయన మందుల సంచితో వచ్చేదాకా కొడుతూనే ఉన్నాను. ఆయన గుమ్మంలో ఆగి విన్నాడు. పక్కన కూర్చుని, నా చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుని, తన వేళ్లతో మంచం పట్టె మీద ఆ దెబ్బను అందుకున్నాడు.